ఎడమ చేతి గ్లౌజులు

బర్బాంక్‌లో జనవరి అంటే
పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలా వద్దా అన్న సందేహం, అంతే.
అలాంటి ఊళ్లో, టీవీ కంపెనీ నేలమాళిగలో,
ఉత్తరాల గదిలో కూర్చుని
గ్లౌజులు లెక్కపెడుతున్నాను.

అన్నీ ఎడమ చేతివే.
ఉన్నివి, తోలువి,
బొటనవేలు దగ్గర చిరిగితే వేరే రంగు దారంతో కుట్టినవి.
ఒకదాని మీద రోడ్డు ఉప్పు ఇంకా తెల్లగా ఉంది.
నిన్నటికి నాలుగు వేల నూట పన్నెండు.
ఇవాళ మరో మూడు బస్తాలు.

ఆ సీరియల్ నేనెప్పుడూ చూడలేదు.
శుక్రవారం రాత్రి మా అమ్మాయికి చదరంగం క్లాసు.
విన్నదాన్ని బట్టి,
మూడో సీజన్ చివర్లో ఫెర్రీ సరంగు ఇంటికొస్తాడు.
ఎడమ చేతి గ్లౌజు మంచులో ఎక్కడో జారిపోయింది.
కుడి చేయి తలుపు పిడి మీద ఉంది.
లోపల ఎవరో దగ్గుతారు.
తెర నల్లబడుతుంది.

అక్కడితో సరి.
పోయిన మేలో పైవాళ్లు ఇక చాలన్నారు.
మంచు పడగానే జనానికి ఆ చేయి గుర్తొచ్చింది.

డులూత్ నుంచి ఆర్డిత్ లెహ్టినెన్ రాసింది,
డయాలసిస్ సెంటర్లో నర్సట:
"ఎవరెవరు ఏం చూస్తున్నారో కొలిచే పెట్టె
మా టీవీ కింద రెండేళ్లుంది.
చూసిన ప్రతిసారీ నా బొత్తాం నొక్కాను.
జ్వరంలోనూ నొక్కాను.
మా ఆయన పోయిన వారం
పొరపాటున ఆయన బొత్తామూ నొక్కి, మళ్లీ తీసేశాను.
ఏప్రిల్ తొమ్మిదికి నాకు యాభై నిండాయి.
తర్వాత తెలిసింది,
ప్రకటనలు ఇచ్చేవాళ్ల లెక్కలో
నలభై తొమ్మిది దాటినవాళ్లు కూర్చున్న సోఫా
ఖాళీ సోఫాయేనని.
నేను సబ్బు మానలేదండీ.
రోజుకి నలభై సార్లు చేతులు కడుక్కుంటాను."

బూడిద రంగు గ్లౌజు, మణికట్టు దగ్గర వదులైంది.
దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాను.
పొరపాటున కాదు.

షెడ్యూళ్లు వేసే టోబియాస్‌ని లిఫ్టులో అడిగాను.
"అభిమానమా? ఉంది, ఎవరు కాదన్నారు?
నాలుగో ఏడాది నటుల జీతాలు పెరుగుతాయి.
నీళ్ల మీద షూటింగు, రోజూ రెండు పడవలు.
పైగా సరుకు మనది కాదు, పక్క స్టూడియోది,
రేపు ఎవరికి తిరిగి అమ్మినా డబ్బు వాళ్లదే.
వంటల పోటీ అయితే ఖర్చు ఐదో వంతు,
ఉల్లిపాయలతో సహా."
మరి మంగళవారం నుంచి శుక్రవారానికి జరిపిందెవరు?
"మనమే."
చూసేవాళ్లు తగ్గారన్నదెవరు?
ఐదో అంతస్తు వచ్చింది.
తలుపులు మూసుకుంటుంటే
ఇంకా ఏదో అంటున్నాడు.

చిన్నప్పుడు గ్యుమ్రీలో
మా అమ్మ పాల కోసం వరసలో నిలబడేది.
ఆమె వంతు వచ్చేసరికి కిటికీ మూసేవాళ్లు.
పాలు అయిపోయి కాదు,
డ్యూటీ అయిపోయి.
అద్దం వెనక క్యాన్లు కనబడుతూనే ఉండేవి.

కాకి లెక్కలని నవ్వుతాం గానీ
కాకి నయం,
మెతుకులు వేసిన చేతిని గుర్తుపెట్టుకుంటుంది.

మధ్యాహ్నం భోజనం మానేసి
తొమ్మిదో షెడ్డు వెనక్కి వెళ్లాను.
సరంగు ఇల్లు ఇంకా అక్కడే ఉంది,
ముందు గోడ ఒక్కటే,
నెలాఖరుకి విప్పేస్తారట.
గుమ్మం మీద ఉప్పుతో చేసిన మంచు
ఎండకి పసుపు తిరిగింది.
ఎడమ చేతికి ఆర్డిత్ గ్లౌజు తొడుక్కున్నాను, బిగుతే.
కుడి చేత్తో పిడి తిప్పాను.

అటువైపు చెక్క ఊతకర్రలు,
ఇసుక మూటలు, ఎవరో వదిలేసిన కాఫీ కప్పు,
ఆ తర్వాత కార్ల పార్కింగు.
దగ్గిన మనిషి లేదు.
చాలాసేపు నిలబడ్డాను, ఎందుకో మరి,
ఎవరైనా దగ్గుతారేమోనని.

జవాబులకి అచ్చేసిన కార్డు ఒకటే ఉంటుంది మాకు:
"మీ ఆదరణకు కృతజ్ఞతలు."
కింద ఏమీ రాయకూడదు, అది రూలు.
పెన్సిల్‌తో రాశాను:
తలుపు తీశాను, ఆర్డిత్ గారూ.
తాళం వేసి లేదు.
– హ్రాంట్, ఉత్తరాల గది