ఎర్సీలియా ముక్కు

రెండేళ్ళ కిందటి జ్వరం పోతూ పోతూ
అన్నీ తిరిగిచ్చింది, వాసన తప్ప.
ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఎర్సీలియా.
వుల్తురే కొండ కింద, రాతిని తొలిచిన గుహలో
నలభై మూడు పీపాల ఎర్ర వైను
ఆమె ముక్కును నమ్ముకుని నిద్రపోతోంది.

అల్యానికో ద్రాక్ష ఓ పట్టాన పండదు.
తొలి మంచు పడేదాకా తీగ మీదే అలుగుతుంది.
పీపాలోకి దిగాకా అదే మంకు.

తమ్ముడు సవేరియో లెక్కలు రాస్తాడు,
మరదలు సీసాలకు చీటీలు అంటిస్తుంది.
"ఎప్పుడు తీద్దాం?" అని మాత్రం
అందరూ ఈమెనే అడుగుతారు.

పీపాకు చెవి ఆనించి
లోపలి బుస తగ్గిందో లేదో వింటుంది.
నాలుక మీద వగరుంది, పులుపుంది;
నడుమ ఉండాల్సిన పండు
సామాను తీసేసిన గది.

అందుకే మేనల్లుణ్ణి పిలిచింది.
ఫెలీచేకి పదకొండేళ్ళు, మోకాలికి కట్టు.
"గ్లాసులో ముక్కు పెట్టు. తాగకు. చెప్పు."

"ఆర్పేసిన అగ్గిపుల్ల."
"ఇంకా?"
"తాతయ్య కోటు జేబు."
"ఏ జేబు?"
వాడు మళ్ళీ వంగాడు, కళ్ళు మూసుకున్నాడు.
"లోపలిది. ఎండు చెర్రీలు దాచేవాడే, అది."

ఎర్సీలియా చాలాసేపు గ్లాసు పట్టుకుని నిలబడింది.
తర్వాత సుద్దముక్కతో పీపా మీద
ఒక గీత గీసింది: ఇంకో చలికాలం.

మెట్లెక్కుతూ వాడడిగాడు,
"అత్తా, నీకూ అదే వాసన వచ్చిందా?"
దీపం ఆర్పేసి,
"మూడో మెట్టు విరిగింది, చూసుకో" అంది.