కూసింత

ముప్పై అడుగుల ఎత్తున, క్రేను గదిలోంచి చూస్తే
మనిషి చెయ్యి చింతాకంత.
ఆ చింతాకు ఏం చెబితే నేనది చేస్తాను.
వేలు పైకి తిరిగితే ఎత్తుతాను
కిందికి తిరిగితే దించుతాను
అరచెయ్యి అడ్డం పెడితే ఊపిరితో సహా ఆగిపోతాను.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
నువ్వుగింజ పట్టేంత సందు చూపిస్తే
కూసింత అని అర్థం.
పదకొండేళ్ళుగా తవిటయ్యకీ నాకూ ఇదే భాష.
సుత్తెల మోతలో నోటిమాట ఎవడికి కావాలి?

చెరుకు అయిపోయింది. వేసవి.
రాజాం దారిలో మా చక్కెర మిల్లు
పళ్ళు పీకించుకున్న ముసలాడిలా నోరు తెరుచుకుని ఉంది.
గాళ్ళు కొత్తగా తీయించిన రోలరు, తొమ్మిది టన్నులు,
గొలుసుల్లో వేలాడుతోంది.
దాని మెడ వచ్చి ఇత్తడి బేరింగులో కూర్చోవాలి.
కొసకి కట్టాల్సిన తాడు ఆవేళ లేదు.
కట్టకుండానే పదిసార్లు దించాం కదా అన్నారెవరో.
ఆ ఎవరో నేనే అయ్యుండొచ్చు.

రోలరు ఊగింది.
పెద్దగా కాదు, ఊయల్లో బిడ్డ పక్కకి తిరిగినంత.
ఊగేదాన్ని చూస్తే చెయ్యి ఆగదు.
తాగి తూలే మేనమామనీ, గాలికి కొట్టుకునే తలుపునీ
ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పట్టుకుంటుంది.
దానికి టన్నుల లెక్క తెలీదు.
కుడిచెయ్యి రోలరు మెడకి ఆనింది.
ఎడమచెయ్యి నాకేసి లేచింది.
బొటనవేలు, చూపుడువేలు.
కూసింత.

నేను కూసింతే దించాను.

పైకి ఏమీ వినబడలేదు.
సుత్తెలు ఆగాయి, అంతే.
తలలన్నీ నాకేసి ఎత్తి ఉన్నాయి.
వాటి మధ్య తవిటయ్య ఒక్కడే
జారిపోయిన చిల్లర వెతుక్కుంటున్నవాడిలా
కిందికి చూస్తున్నాడు.
ఎత్తమని వేలు చూపేవాడు లేడు.
పదకొండేళ్ళలో మొదటిసారి
సైగ లేకుండా ఎత్తాను.

నిచ్చెనకి ఇరవై రెండు మెట్లు.
దిగుతూ లెక్కపెట్టాను, ఎందుకో.

రిజిస్టరులో గాయం అని ఒక గడి: కుడిచెయ్యి, రెండు వేళ్ళు.
కారణం అని ఇంకో గడి, ఇంకా చిన్నది.
అందులో ఎంతో పట్టదు. కార్మికుని అజాగ్రత్త అని రాశారు.
సాక్షి దగ్గర నా సంతకం.
తోలు గ్లోవ్సు మర్నాడు స్టోర్సులోంచి బయటికొచ్చాయి,
ఐదేసి వేళ్ళతో.

శ్రీకాకుళం ఆస్పత్రిలో కట్టు చూపించి అన్నాడు:
"నేని ఏళ్ళే దురదెడతన్నాయిరా. ఎక్కడని గోక్కోను?"
అని నవ్వాడు.
పారమ్మ నవ్వలేదు.
బత్తాయి తొనలు అతని నోటికందిస్తూ
నా చేతులకేసి చూసింది.
వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు.

కార్తీకంలో పనిలోకొచ్చాడు.
కుడిచెయ్యి జేబులో. సైగలన్నీ ఎడంచేత్తో.
ఇప్పుడు తాడు కడుతున్నాం, రెండు కొసలా.
అతను కూసింత అంటే నేనందులో సగం దించి,
కింద ఎవరి చేతులు ఎక్కడున్నాయో ఏరుకుని
అప్పుడు మిగతా సగం.
ఆలస్యమవుతోందని ఫోర్‌మన్ అరుస్తాడు.
అరుపులు ముప్పై అడుగులు ఎక్కలేవు.

నిన్న షిఫ్టు దిగి గేటు ముందు టీ బడ్డీ దగ్గర కూచున్నాం.
కుర్రాడు కొత్తవాడు. ఎన్ని టీలని దూరం నుంచే కేకేశాడు.
ఆగరా, ఊపిరి తీసుకోనీ అన్నట్టు
తవిటయ్య పాత అలవాటున
కుడి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

మూడు గ్లాసులు వచ్చాయి.

ఇద్దరం తాగాం. ఏమీ మాట్లాడుకోలేదు.
మూడోది మా మధ్య బల్ల మీద మీగడ కట్టింది.
డబ్బులు మూడింటికీ
నేనే ఇచ్చాను.