ఐదో కన్నం

మా కిటికీ చువ్వల మీద
పొద్దున్నే వేలితో పేరు రాయొచ్చు.
జ్ఞానాపురంలో కొత్త గోడకి
సున్నం కంటే ముందు బొగ్గు పడుతుంది.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే
దండెం మీది తెల్లచీర సాయంత్రానికి
వేరే ఎవరిదో అయిపోతుంది.

అలాంటి కిటికీకి పచ్చటిదేదైనా
అడ్డం పెట్టాలని బుద్ధి పుట్టింది నాకు.
కుండీలు నిలవవు, గట్టు జానెడే.
కాబట్టి పెట్టె. పొడుగ్గా, చెక్కతో,
ఒక బచ్చలి తీగకి సరిపడా.

చెక్క కాన్వెంట్ జంక్షన్ దగ్గర దొరికింది.
ఓడ కడుపులో సరుకు కింద పరిచి, దిగాక
అడ్డికి పావుశేరు అమ్మేసే పైను చెక్క.
ఒక పలక మీద నల్లటి ముద్ర,
ఏ దేశం అక్షరాలో, సగానికి తెగి.
ఏ అడవిలో మంచు మోసిందో అది,
ఇక్కడ ఆటోలో నా పక్కన కూర్చుని
ఉక్కపోతకి జిగురు కార్చింది.

కింద వాటాలో గరికిన ఎల్లాజీ తాత.
నలభై ఏళ్ళు ఫిషింగ్ హార్బర్లో పడవలు కట్టినవాడు.
ఫైబరు బోట్లు వచ్చాక
బాడితని గోనెసంచిలో చుట్టి
మంచం కిందకి తోసేసినవాడు.
"పెట్టా? మొక్కల పెట్టా?" అని నవ్వి
"కొలత సెప్పు" అన్నాడు.
"నాలుగు జానలూ బెత్తెడు" అన్నాను.
ఎవరి జానో ఇద్దరం అడగలేదు.

మెట్ల కింద, తోపడాకి
చెక్క పొరలు పొరలుగా లేచింది.
నేను ఇనప మేకులు తెస్తే ఛీ అన్నాడు:
"ఈ ఊరి గాలికి ఆర్నెల్లు. ఉప్పు తినేస్తాది."
ఎక్కడో డబ్బా అడుగున దాచిన రాగి మేకులు
ఇరవై రెండు, లెక్కపెట్టి తీశాడు,
పిల్లల చేతికి చిల్లర ఇచ్చినట్టు.
మూలలు కలిశాక
దూది పేనుతూ, గుగ్గిలం కాచుతూ
సందు సందుకీ కుక్కడం మొదలెట్టాడు.

"తాతా, ఇది మట్టికి. నీళ్ళు పోవాలి.
అడుగున కన్నాలు పెట్టాలి."

చెయ్యి ఆగింది.
గుగ్గిలం మూకుడులో బుడగ ఒకటి లేచి పగిలింది.
"అడుగునా?" అన్నాడు.
"అడుగున కన్నం నాను పెట్టాలా?"

వేరు కుళ్ళిపోతుందన్నాను,
తీగ చచ్చిపోతుందన్నాను,
చదివినవీ విన్నవీ అన్నీ అన్నాను.
ఆయన పెట్టెని బోర్లించి
అరచేత్తో అడుగంతా తడిమాడు.
సముద్రం ఎక్కణ్ణుంచి వస్తుందో వెతికే చెయ్యి అది.
"సెనగ్గింజంత సాలు.
మాసేను పడవకి అంతే ఉండేది."
ఇంకేం చెప్పలేదు. ఆ రోజిక పని జరగలేదు.

మర్నాడు బరమా పట్టుకొచ్చాడు.
మొహం పక్కకి తిప్పుకుని
ఇంజక్షన్ చేయించుకుంటున్నవాడిలా
ఒకటి. రెండు. మూడు.
చెక్కపొడి పాదాల మీద రాలింది.
నాలుగోదానికి కాస్త ఇటు చూశాడు.
ఐదోది పెట్టి, దానికి కన్ను ఆనించి
ఎదుటి గోడకేసి చూశాడు చాలాసేపు.
"ఎంత సులువే" అన్నాడు, నాతో కాదు.

పెట్టె కిటికీకి ఎక్కువైంది.
ఆయన జాన పెద్దది.
మిగిలిన కొస గట్టు దాటి గాల్లోకి
ముక్కు చాపుకుని నిలబడింది, పోర్టు వైపు.
కోసేద్దామంటే ఒప్పుకోలేదు.
"అటే ఉండనీ."

ఎర్రమట్టి, పెంట, బచ్చలి గింజలు.
తొమ్మిదో రోజుకి రెండాకులు.
పదో రోజుకి వాటి మీద బొగ్గు.
కడిగాను. మళ్ళీ పడింది.
మళ్ళీ కడిగాను.

కడిగిన నీళ్ళు కిందకే కదా పోతాయి,
తాత కిటికీ రేకు మీదకి,
టప్పు టప్పుమని.
నిద్ర చెడుతుందేమో, తిడతాడేమో అని
కొంచెం కొంచెంగానే పోస్తున్నాను.
నిన్న చీకటి పడ్డాక కింద నుంచి కేక:

"ఓలమ్మా, నాలుగే కారతన్నాయి!
ఐదోది మూసుకుపోయింది సూడు.
పుల్లెట్టి పొడు!"