తొమ్మిదో నంబరు బిళ్ళ

వాల్పరైసో రేవులో ఓడ ఆగిన రోజున
నా ఉద్యోగమంతా ఒక మేకుల పలక.
పదమూడు మేకులు, పదమూడు బిళ్ళలు.
ప్రయాణం లేనివాళ్ళు ఓడ చూడ్డానికొస్తే
గుర్తింపు కార్డు నా పెట్టెలోకి,
బిళ్ళ వాళ్ళ మెడలోకి.
నాలుగింటికి గంట కొట్టేలోపు
కార్డుకీ బిళ్ళకీ చెల్లు కావాలి.

సాగనంపేవాళ్ళు
ప్రయాణికులకన్నా బాగా ముస్తాబై వస్తారు,
ఎందుకో ఇప్పటికీ అంతుబట్టదు.
కొడుకు రబ్బరు చెప్పులతో ఎక్కాడు,
వెనకే తండ్రి, నిక్కర్చిగా టై కట్టుకుని.
ఒకామె పిల్లాడి అరచేతులు తుడిచి మరీ
రెయిలింగు పట్టుకోనిచ్చింది.

తొమ్మిదో బిళ్ళ ఒర్తెన్సియా బర్రియెంతోస్‌కి ఇచ్చాను.
డెబ్బై ఒక్కేళ్ళు. కార్డు మీది ఫొటోకి మాత్రం కోపమెక్కువ.
చెల్లెలు రొసౌరాకి టికెట్టు, ఈవిడకి బిళ్ళ.
తనిఖీ యంత్రం కీచుమంది.
సంచిలోంచి బయటపడ్డాయి
ఇంట్లో కాచిన రేగుపండ్ల జాము సీసా,
ఒక స్క్రూడ్రైవరు.
"ఇదెందుకమ్మా?"
"గది గడియ వదులుగా ఉంటేనో?"
"మరి జాము? ఓడలో తిండికి కొదవా?"
"కొదవని కాదు నాయనా, నమ్మకం లేక."
రెండూ నా బల్ల కింద పెట్టించాను.

తర్వాతి సంగతి గదులు సర్దే కుర్రాడు చెప్పాడు.
పరుపు నొక్కి చూసిందట,
కుళాయిలు రెండూ తిప్పి
వేడినీళ్ళు ఎన్ని అంకెలకి వస్తాయో లెక్కపెట్టిందట.
బూట్లు విప్పి, చెల్లెలి మంచం మీద
ఒక్క నిమిషం వెల్లకిలా పడుకుని
లేచి దుప్పటి ముడత సాపు చేసిందట,
ఎవరూ పడుకోనట్టు.

నాలుగైంది. గంట కొట్టారు.
పన్నెండు బిళ్ళలు మేకులెక్కాయి.
టై ఆయన ముక్కు చీదుకుంటూ దిగాడు.
పంతొమ్మిది రోజుల ప్రయాణానికి ఇంత ఏడుపా
అని అడక్కూడదు, మా ఉద్యోగంలో.

మైకులో రెండుసార్లు పేరు పిలిచి
నేనే పైకి పరిగెత్తాను.
పన్నెండో అంతస్తులో, ఈతకొలను వెనక
అక్కాచెల్లెళ్ళు కొండకేసి చూస్తున్నారు.
"అదిగో, నీళ్ళ ట్యాంకు పక్కన నీలం రేకులిల్లు.
ఆరేసిన పసుపు దుప్పటి కనిపిస్తోందా?"
నాకేమీ కనిపించలేదు. తలూపాను.
"నలభై ఆరేళ్ళు ఆ కిటికీలోంచి ఓడల్ని చూశాను.
ఓడలోంచి చూస్తే మా కిటికీ ఎంతుంటుందో
ఇవాళ తెలిసింది."
"ఎంతుందమ్మా?"
"పంటి సందులో ఇరుక్కున్న నువ్వుగింజంత.
తలుపేసి వచ్చానో లేదో కూడా కనపడి చావట్లేదు."
"ఆ దుప్పటి నాది," అంది రొసౌరా.
"నువ్వే ఇచ్చావు."
"ఇవ్వలేదు. పోయిన చలికాలం పట్టుకుపోయావు."
కింద తాళ్ళు వదులు చేస్తున్నారు.
వీళ్ళు దుప్పటి దగ్గరే ఉన్నారు.
"సరే, వచ్చాక తీసుకుపో," అంది అక్క.
కౌగిలించుకోవడం మర్చిపోయారు, లేక
అదే కౌగిలేమో, నాకు తెలీదు.

లిఫ్టు రాలేదు. మెట్ల మీద ఆవిడ చెయ్యి పట్టుకుని దించాను.
కార్డు ఇచ్చాను, సీసా ఇచ్చాను, స్క్రూడ్రైవరు ఇచ్చాను.
నిచ్చెన లేస్తుండగా చూశాను,
రేవు గట్టు మీద, గాలికి అటూ ఇటూ
ఆవిడ మెడలో నా తొమ్మిదో బిళ్ళ.
కేకేశాను. చెయ్యి ఊపుతున్నాననుకుని
తనూ ఊపింది.

రాత్రి రిజిస్టరు తీస్తే
తొమ్మిదో వరసలో దిగిన వేళ గడి ఖాళీ.
లెక్క ప్రకారం ఆవిడ
ఇంకా ఓడలోనే ఉంది.
బిళ్ళ గురించి రాయాలిగా, "పోయింది" అని రాశాను.
మనిషి పేరు పక్కన ఆ మాట
చూడ్డానికి బాగాలేదు.
కొట్టేసి, "రావాలి" అని రాశాను.