మధ్య ఇంజను గంటలు

అక్టోబరు చివర, ఓజార్క్స్ సరస్సులో
పడవలన్నీ ఒక్కొక్కటే ఒడ్డెక్కే వారం.
అమ్మేవాళ్ళ గొంతు కాస్త తగ్గుతుంది.
కొనేవాళ్ళం జేబుల్లోంచి చేతులు తియ్యం.

జోడు ఇంజన్లది నిన్ననే చూశాను.
పళ్ళ డాక్టరుది. తెల్లది, ముప్పై ఆరడుగులు,
పొట్ట మీద ఒక్క గీత లేదు.
రెండూ కాడికి అలవాటుపడ్డ ఎడ్లలా
ఒక్క పిలుపుకే లేచాయి.

టూమీ, నా మెకానిక్కు, ఫోన్లోనే తేల్చేశాడు:
"రెండే తీసుకో ఆరిన్.
పదహారు ప్లగ్గులు, రాత్రికి నిద్ర.
మూడంటే ఇరవై నాలుగు.
ఆ మధ్యదాని చివరి ప్లగ్గు విప్పాలంటే
నా మనవణ్ణి తలకిందులుగా దించాలి."

దార్లా ఏమీ అనలేదు.
కరెంటు బిల్లు వెనక పెట్రోలు లెక్క రాసి
నా కాఫీ కప్పు కింద పెట్టింది.
గంటకు నూట ఇరవై గాలన్లు.
కింద రెండు గీతలు.

మరి మూడు మీద ఈ మోజేమిటంటే
నా దగ్గర జవాబుంది:
రెండింట్లో ఒకటి చస్తే పడవ పీతలా పక్కకు నడుస్తుంది.
మూడింట్లో ఒకటి చచ్చినా ముక్కు నిటారుగా ఇల్లు చేరతాం.
ముక్కాలి పీట ఏ నేల మీదైనా కుదురే కదా.
ఇది బావమరిదికి చెప్పాను, బ్యాంకులో చెప్పాను,
అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూడా చెప్పాను.

అబద్ధం.
అసలు సంగతి ఆ చప్పుడు.
మూడూ ఒకేసారి గొంతు విప్పితే
రేవులో హాంబర్గర్ నోటిదాకా తెచ్చినవాడు
అక్కడే ఆగిపోతాడు.
అరవై రెండేళ్ళు సెప్టిక్ ట్యాంకుల మనిషిని నేను.
నన్ను చూసి ఎవరు ఆగారు?

జోలీన్ స్ట్రౌడ్ వాళ్ళ రేవుకి వెళ్ళేసరికి మంచు విడుతోంది.
బెండు కట్టిన తాళాలు నా చేతిలో పెట్టి
ఆమె మెట్టు మీద కూర్చుంది.
పసుపు పడవ, నల్ల చారలు, లిఫ్టు మీద.
నేను పిడికిలితో అడుగంతా తట్టాను,
నూనెలో వేలు ముంచి పాలరంగు వెతికాను,
మూలమూలా వాసన చూశాను, కుక్కలాగా.
తప్పు దొరక్కపోతే బేరం ఎలా?

దొరికింది. మీటర్లలో.
ఎడమది మూడు వందల పదకొండు గంటలు.
కుడిది మూడు వందల తొమ్మిది.
మధ్యది నాలుగు వందల రెండు.
ఒకే రోజు పుట్టిన ముగ్గురిలో
నడిమివాడొక్కడే ఎలా ముసలాడయ్యాడు?
ఇక్కడ అయిదు వేలు కొయ్యొచ్చు అనుకుని
గొంతు సవరించుకున్నాను.

"అదా," అంది జోలీన్.
"పోయిన వేసవంతా వెండెల్ మధ్యదొక్కటే వేసేవాడు.
ముక్కులో గొట్టం. అల తగిలితే పక్కటెముకలు ఓర్చుకోలేవు.
సాయంత్రం పూట, ఒడ్డు వెంటే,
బాతులు కూడా పక్కకు తప్పుకునేవి కావు.
తొంభై మైళ్ళు పోయే పడవలో నాలుగు మైళ్ళు.
నేను వెనక సీట్లో బఠాణీలు ఒలుచుకునేదాన్ని.
తొక్కలు నీళ్ళలోకి విసరొద్దనేవాడు,
దానికే పోట్లాట."

నా నోట్లోని అయిదు వేలు
నోట్లోనే ఉండిపోయాయి.

లిఫ్టు దించింది. నీళ్ళు పొట్టను తాకాయి.
"మూడూ వెయ్యనా?" అంది.
దానికోసమే కదా వచ్చింది.
"మధ్యదొక్కటి," అన్నాను.

మొదట దగ్గింది. తెల్ల పొగ.
తర్వాత కుదురుకుంది,
పక్క గదిలో ఎవరో తక్కువ గొంతుతో
ఫోన్లో మాట్లాడుతున్నట్టు.
ఆమె తల తిప్పి రేవు స్తంభానికి కట్టిన
తాడు ముడిని చూస్తూ ఉంది,
అది సరిగ్గానే ఉన్నా.

ట్రక్కులో దార్లా కాగితం మళ్ళీ విప్పాను.
అంకెలు మారలేదు.
అడ్వాన్సుగా ఎంతిచ్చానో ఇంటికెళ్ళి చెప్పాలి,
భోజనమయ్యాకే చెప్పాలి.

టూమీ ఫోను:
"ఏమైంది? రెండా, మూడా?"
వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి.
"టూమీ," అన్నాను,
"నీ మనవడి ఎత్తెంత?"