ఉప్పందించినవాడు

పట్టాళం మార్కెట్ వెనక, చీపుర్ల గోడౌను పైగది.
తొమ్మండుగురం.
సెల్‌ఫోన్లన్నీ ఇడ్లీ గుండిగలో పడ్డాకే
ఇళంపరిది నోరు తెరిచేవాడు.
ఈ ఊరు ఎవరిది, ఎవరు పొట్ట చేతపట్టుకుని వచ్చిపడ్డారు,
ఎవర్ని ఏ రైలెక్కించి పంపాలి.
అందరికన్నా గట్టిగా తలూపేవాణ్ణి నేనే.

మా తాత తండ్రి బకింగ్‌హాం కాలవ మీద
కట్టెల పడవలోంచి దిగాడు, నెల్లూరు బురద కాళ్లతో.
అమ్మ ఇప్పటికీ తెలుగులోనే తిడుతుంది,
తెలుగులోనే దగ్గుతుంది.
గడప దాటితే నేను తమిళ్‌వేందన్.
ఆ పేరు నేనే పెట్టుకున్నాను.

బీహారు కుర్రాళ్ల టీ బంకు పీకెయ్యాలని వెళ్లిన రాత్రి
మాకన్నా ముందే పోలీసు జీపు ఉంది.
బానెట్ మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా.
ఎప్పుడో వచ్చి మాకోసం కూర్చున్నట్టు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ వీపు చూపించలేదు.
మెట్లు దిగాలంటే
నువ్వు ముందు, కాదు నువ్వు ముందు.
ఒకడు కొత్త చెప్పులు కొంటే బిల్లు అడిగారు.
ఒకడు దొడ్డికి వెళ్తే ఇంకొకడు గడియారం చూశాడు.
గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా అడగనేలేదు,
రోజుకి పదిసార్లు నేను భుజాలు దులుపుకున్నాను.
నా గుమ్మడికాయ వేరు.

ఒక సాయంత్రం గుండిగలో నా ఫోను మోగింది.
"స్పీకర్లో పెట్టు" అన్నాడు ఇళంపరిది.
"నైనా, ఉప్పు..."
అమ్మ.
నైనా అని ఈ ఊళ్లో ఆటోవాళ్లూ అంటారు,
ఎవరింటి మాటో తెలీక.
ఉప్పు అక్కడా ఇక్కడా ఉప్పే.
క్రియ ఒక్కటి బయటపడితే చాలు, నా పని సరి.

తేనప్పన్ మోచెయ్యి తగిలి
టీ గ్లాసు ఫోను మీద బోర్లాపడింది.
అయ్యయ్యో అంటూ తుండుతో తుడిచాడు.
నావైపు చూడలేదు.

గుమ్మిడిపూండి వైపు మనిషి.
కాశిమేడు ఎండుచేపల కొట్లకి
రాళ్లుప్పు బస్తాలు దించేవాడు.
రోజూ అతని బండి స్టేషను ముందునుంచే వెళ్తుందట.
అంతకన్నా సాక్ష్యం ఎవరిక్కావాలి?

"ఎంత దుడ్డు ఇచ్చారు నైనా నీకు?"
ఇళంపరిది అడిగిన ఆ ఒక్క వాక్యంలో
మా అమ్మ మాటలు రెండున్నాయి.
వాటిని ఎవరూ రైలెక్కించలేదు.
తేనప్పన్ పెదవి చిట్లింది.
"నువ్వేమంటావు వేందా?"
నాకూ వీడి మీదే అనుమానం అన్నాను,
తప్పు లేని తమిళంలో, ళకారాలు కూడా సరిగ్గా పలికి.

అప్పుడు చూశాడు.
వీడింట్లో ఏం మాట్లాడతారో అడగండి
అంటే సరిపోయేది.
నోట్లో ఉన్నదేదో మింగాడు. నెత్తురో, మాటో.
మెట్లు ఒక్కడే దిగాడు.
నువ్వు ముందు అని ఎవరూ అనలేదు.

మరుసటి వారం కూడా జీపు ముందే వచ్చి ఉంది.
ఎనిమిదిమందిమి ఒకరి మొహాలొకరు లెక్కపెట్టుకున్నాం.
తర్వాత అయిదుగురం.
ఇప్పుడా గది నిండా కూడా చీపుర్లే పేర్చారట.

కాశిమేడు వెళ్లి అడిగాను.
రావడం లేదన్నారు. బస్తాలు ఇంకెవరో దించుతున్నారు.

వేగు చెప్పడాన్ని మా భాషలో ఉప్పందించడం అంటారు.
ఆ గదిలో ఈ సంగతి తెలిసింది నాకొక్కడికే,
కాదు,
ఇద్దరికి.

రాత్రి అమ్మ కంచం ముందు పెట్టి
"ఉప్పు సరిపోయిందా నైనా?" అంటుంది.
లేచి వెళ్లి వీధి తలుపు వేసి,
గడియ పడిందో లేదో ఒకసారి లాగి చూసి,
వచ్చి కూర్చుని
సరిపోయిందమ్మా అంటాను.