రెండున్నర వేళ్లు

ఆటోనగర్‌కి అందరూ బండి ఎత్తు పెంచమనే వస్తారు.
ఇసుక లారీ, పత్తి లారీ, సిమెంటు మోసే పాత డీసీఎం
విరిగిన నడుంతో మూలుగుతూ వచ్చి
ఇంకో కమాను పట్టీ వేయించుకుని పోతాయి.
"దించమని అడిగింది మీరొక్కరే సార్,"
అన్నాడు యేసుపాదం, నవ్వకుండా.

నాది బీసెంట్ రోడ్డులో కళ్లద్దాల కొట్టు.
పావు పాయింటు తేడా వస్తే
తలనొప్పంటూ తిరిగొచ్చే జనం మధ్య
ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాను.
ఇద్దరి చేతులు మారి నా దగ్గరికొచ్చిన ఎర్ర స్పోర్ట్స్ కారులో
టైరుకీ పైరేకుకీ మధ్య నాలుగు వేళ్ల సందు
పళ్లలో ఇరుక్కున్న మామిడి పీచులా
రాత్రిళ్లు కూడా నన్ను పీకుతుందంటే
తప్పు నాది కాదు, నా వృత్తిది.

బల్ల మీద మూడు అట్టపెట్టెలు.
నీలం స్ప్రింగులు పాతిక మిల్లీమీటర్లు దించుతాయి,
పసుపువి ముప్పై అయిదు,
ఎర్రవి యాభై.
ఎర్రవి వేస్తే కారు
నేల చెవిలో ఏదో చెప్పబోతున్నట్టుంటుంది.
ఎర్రదే తీసి పట్టుకున్నాను.

యేసుపాదం నీలం దాన్ని నేల మీద నిలబెట్టి
"చేతులానించి బరువెయ్యండి," అన్నాడు.
"మొదటి బరువుకి మొహమాటపడి ఒదుగుతుంది.
రెండోదానికి పళ్లు బిగిస్తుంది.
మూడోదానికి తిరగబడుతుంది.
చుట్లు చూడండి, ఓ పక్క దగ్గర, ఓ పక్క ఎడం.
మీ చేతిలోది అట్లా కాదు, మొదట్నించీ ఒకటే మొండి.
మీ పాత షాకులు దానితో ఏడాది కాపురం చెయ్యలేవు.
టైరు లోపలంచు అరిగాక
తిట్టేది మళ్లీ నన్నే."

రెండూ పక్కపక్కన పెట్టి అడిగాడు:
"ఇది బావుందా? ఇదా?"
రోజుకి నలభై సార్లు నేను అడిగే ప్రశ్న.
కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎందుకు నీళ్లు నములుతారో
అప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున,
పాలవ్యాన్లూ కుక్కలూ తప్ప ఎవరూ లేనప్పుడు,
స్టీలు స్కేలు పట్టుకుని
కొట్టుకీ ఇంటికీ మధ్య స్పీడ్‌బ్రేకర్లన్నీ కొలిచాను.
ఒక కానిస్టేబుల్ బైకాపి, చూసి,
ఏమడగాలో తోచక వెళ్లిపోయాడు.
డెబ్బై. ఎనభై అయిదు. తొంభై.
గుణదలలో మా వీధి మొదట్లోది:
నూట ఎనిమిది.

అది కార్పొరేషన్ వేసింది కాదు.
ఎదురింటి నిస్సీని సైకిలుతో సహా
ఎవరిదో కారు ఈడ్చుకుపోయిన వారానికి
ఒక ఆదివారం రాత్రి మేమే పోసుకున్నాం.
రెండు బస్తాలు నేనే మోశాను.
తాపీ పట్టుకున్న మనిషి మీద
"ఇంకా ఎత్తు, ఇంకా," అని అరిచిందీ నేనే.

స్కేలు జేబులో పెట్టుకుని
కాసేపు దాని మీదే కూర్చున్నాను.

నీలం పెట్టె తీసుకున్నాను.
యేసుపాదం టీలు చెప్పాడు, నా ఖాతాలో.
సాయంత్రానికి నాలుగు వేళ్లు రెండున్నరయ్యాయి.
ఆ అర వేలు ఇప్పటికీ గుచ్చుకుంటుంది,
అబద్ధమెందుకు.

వీధి మొదట్లోకి వచ్చేసరికి
నిస్సీ స్కూలు బట్టల్లోనే రోడ్డు పక్కన బోర్లా పడుకుంది,
రాడ్డున్న కాలు ఒక వారగా చాపి,
చెంప తారుకి ఆనించి.
"మెల్లగా రండంకుల్. ఇంకా. ఇంకా. ఆపండి."
కారు పొట్ట సరిగ్గా దాని మీద ఆగింది.
పెన్సిల్ డబ్బాలోంచి ఏదో తీసి కిందికి తోసి,
లాగి, లేచి, మోచేతులు దులుపుకుంది.
"రబ్బరు పట్టింది!"

స్ప్రింగులు వారంలో సర్దుకుని కూర్చుంటాయని
యేసుపాదం ముందే చెప్పాడు.
కూర్చున్నాయి.
నిస్సీ మళ్లీ పడుకుంది.

ఈసారి అరిగిపోయిన రబ్బరు,
అదీ కాస్త నొక్కితే.